రాయి తిప్పి చూశాకే గాలం

శ్రోతలకు నమస్కారం.

కొండల్లో కరిగిన మంచు, కురిసిన వాన కలిసి రాళ్ళ మీదుగా దూకుతూ వచ్చే నదులుంటాయి. వాటికి అడుగంతా రాళ్ళే, ఒడ్డూ రాళ్ళే. గాలం వేసేవాళ్ళు వాటిని ఫ్రీస్టోన్ నదులంటారు. అలాంటి నదిలో ఫ్లై ఫిషింగ్‌తో, అంటే నకిలీ పురుగు కట్టిన గాలంతో, ట్రౌట్ చేపను పట్టడం గురించి ఈ పూట మాట్లాడతాను. నాకు ప్రాణమైన విషయం ఇది.

ఊట నుంచి పుట్టిన నదికి ఏడాది పొడవునా దాదాపు ఒకే చల్లదనం ఉంటుంది. ఆనకట్ట కింద పారే నదికి నీళ్ళు వదిలేది మనిషి. ఫ్రీస్టోన్ నదికి ఈ రెండు ఆసరాలూ లేవు. మంచు కరిగే నెలల్లో బురదగా పొంగుతుంది, వేసవి చివరికి రాళ్ళ మధ్య సన్నబడిపోతుంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ నదినే చూడండి. నీటిని నిల్వ చేసే ఆనకట్ట ఒక్కటీ లేకుండా దాదాపు 1,100 కిలోమీటర్లు పారుతుంది. జూన్‌లో ఆ నీళ్ళు పొంగి మసకబారితే గాలం వేసేవాళ్ళు తేటపడేదాకా ఆగాల్సిందే.

ఫ్లై అంటే గాలానికి ఈకలు, బొచ్చు, దారం కట్టి చేసిన నకిలీ పురుగు. ఇది పాత విద్యే. మాసిడోనియా వాళ్ళు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు కట్టి, మచ్చల చేపల్ని పట్టేవారని రోమన్ రచయిత ఈలియన్ సుమారు 1,800 ఏళ్ళ కిందటే రాశాడు. మామూలు గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి బరువే ఉండదు కాబట్టి ఇక్కడ లైనే, అంటే కర్ర నుంచి పోయే ముఖ్యమైన దారమే, లావుగా, బరువుగా ఉంటుంది. తొమ్మిది అడుగుల కర్ర వంగి నిటారయ్యేటప్పుడు ఆ లైన్ గాలిలో మెలిక విప్పుకుంటూ పోయి, దాని చివరనున్న సన్నటి దారాన్నీ, ఫ్లైనీ నీటి మీద వాలుస్తుంది.

కర్ర తీసే ముందు నేను చేసే పని ఒకటుంది. మోకాలి లోతు లేని చోట నీటిలోంచి ఒక రాయిని ఎత్తి, అడుగువైపు తిప్పి చూస్తాను. అక్కడ నిజం పురుగుల ఊరే కాపురం ఉంటుంది. రాతికి అతుక్కుని, పొత్తికడుపు పక్కన మొప్పలు ఆడిస్తూ మేఫ్లై పిల్లలుంటాయి. ఇసుక రేణువుల్నీ చిన్న రాళ్ళనూ తన పట్టుదారంతో అంటించుకుని గూడు కట్టుకున్న క్యాడిస్ పురుగు ఉంటుంది. ఇక స్టోన్‌ఫ్లై! తోకగా రెండే పోగులుంటాయి. వీటిలో పెద్ద జాతులు మూడేళ్ళ దాకా ఇలా రాళ్ళ కిందే పెరుగుతాయి. చల్లటి, శుభ్రమైన, ఆక్సిజన్ నిండిన నీరు లేకపోతే బతకవు. అందుకే స్టోన్‌ఫ్లై కనిపించగానే నాకు ధైర్యం వస్తుంది, ఈ నీరు ఇంకా బాగుందని. రెక్కలు వచ్చే వేళకు ఇవి ఒడ్డు దాకా పాకి, రాయి ఎక్కి, ఆ పాత చర్మాన్ని అక్కడే వదిలేసి పోతాయి. ఒడ్డు రాళ్ళ మీద అలాంటి ఖాళీ పెంకులు కనిపించాయంటే ట్రౌట్ కూడా ఒడ్డుకు దగ్గరగానే ఉందని లెక్క. మేఫ్లై సంగతి వేరు. రెక్కలొచ్చాక దానికి తినడానికి పనికొచ్చే నోరే ఉండదు. ఒకటి రెండు రోజులు, కొన్నిటికైతే కొద్ది గంటలే ఆయుష్షు.

ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలే దొరుకుతుంది. ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి నిలబడి, కొట్టుకొచ్చినదాన్ని అందుకుంటుంది. వడిలో ఊరికే ఈదుతూ ఉంటే తిన్నది ఒంటికి పట్టదు. కాబట్టి రాయి చాటున, నీరు నెమ్మదించే చోట ఉంటుంది. రాయి వెనకే కాదు, రాయికి ముందు కూడా నీరు మెత్తబడే చిన్న జాగా ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. వడి నీరూ నెమ్మది నీరూ ఒరుసుకునే చోట ఒక గీత కనిపిస్తుంది, నురగ దాని వెంటే సాగుతుంది. నురగ పోయే దారిలోనే పురుగులూ పోతాయి. మొదట్లో నేను సరాసరి నడుము లోతుకు దిగి, దూరంగా ఉన్న పెద్ద మడుగుకు విసిరేవాణ్ణి. నా కాళ్ళ పక్కనుంచే చేపలు నీడల్లా చెదిరిపోవడం చూశాక తెలిసింది, నేను తొక్కుకుంటూ వచ్చిన ఆ అడుగు లోతు నీటిలోనే అవి ఉన్నాయని. ఇప్పుడు ముందు ఒడ్డు నుంచే వేస్తాను. దిగువ నుంచి, చేప వెనకగా వస్తాను.

ఏ రంగు ఫ్లై వాడాలన్నదాని మీద జరిగే చర్చ అవసరానికి మించిందని నా అభిప్రాయం. ఈ నదిలో నీరు వేగంగా పోతుంది, తిండి తక్కువ. చేపకు నిదానంగా పరీక్షించే వ్యవధి ఉండదు. అది గమనించేది ఫ్లై నడకను. నిజం పురుగు నీటితో పాటే కొట్టుకుపోతుంది. మన ఫ్లై లైన్‌కు కట్టి ఉంది. మనకూ చేపకూ మధ్య నాలుగు రకాల వడి ఉంటే, వేగంగా పోయే నీరు లైన్‌ను ముందుకు లాగి, ఫ్లైని అడ్డంగా ఈడుస్తుంది. కంటికి కనిపించీ కనిపించని ఆ ఈడ్పు చాలు, చేప కదలదు. విరుగుడు ఏమిటంటే, పడీ పడగానే లైన్ నడిమి భాగాన్ని కర్ర కొసతో ఎగువకు మళ్ళించాలి. రాళ్ళు ఒత్తుగా ఉన్న చోట ఇంకా తేలిక పద్ధతి ఉంది. దగ్గరికి వెళ్ళి, పొట్టిగా వేసి, కర్ర ఎత్తి పట్టుకుని, లైన్‌ను అసలు నీటికి తగలనివ్వకూడదు. జపాన్ కొండవాగుల్లో పుట్టిన టెంకరా పద్ధతి ఇదే. దారం చుట్టే రీలు ఉండదు, పొడవాటి కర్ర కొసకు కట్టిన దారమే. రెండు మూడు సెకన్లు ఫ్లై స్వేచ్ఛగా సాగితే చాలు. ఆ రెండు మూడు సెకన్ల కోసమే నేను రోజంతా నదిలో నిలబడతాను.

నా జేబులో థర్మామీటర్ ఉంటుంది. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాములే. వేడెక్కిన నీటిలో పెనుగులాడిన ట్రౌట్‌ను వదిలేసినా కోలుకోకపోవచ్చు. అందుకే 20 దాటితే నేను కర్ర మడిచేస్తాను. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో వరసగా మూడు రోజులు నీరు 73 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే దాదాపు 23 సెల్సియస్‌కు చేరితే, మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయకూడదని ఆంక్ష పెట్టగలరు. ఆ ఆంక్ష న్యాయమైనదే. అది పెట్టేదాకా మనం ఆగనక్కర్లేదు కూడా.

పట్టిన చేపను వదిలేటప్పుడు చేతులు తడిగా ఉండాలి. పొడి చేయి తగిలితే దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. గాలానికి ఎదురుముల్లు లేకపోతే ఒక్క మెలికతో వచ్చేస్తుంది. చేపను నీటిలోనే ఉంచి, మొహం ప్రవాహానికి ఎదురుగా తిప్పి, కడుపు కింద చేయి ఆనించండి. దానంతట అదే తోక విదిలించి వెళ్తుంది.

ఇంకొక్క మాట. మొదట ఎత్తి చూసిన రాయి ఉంది కదా, దాన్ని నీటిలోకి విసిరేయకండి. తీసిన గుంటలోనే, తీసిన వైపుకే, మెల్లగా బోర్లించండి. దాని కింద స్టోన్‌ఫ్లై పిల్ల ఒకటి ఉంది. దానికి రెక్కలు రావడానికి ఇంకా రెండేళ్ళు పట్టొచ్చు.

నమస్కారం.