మహమ్మారి వేళ పల్లె ఇంటి కంచంలో ఏం మారుతుంది?

అందరికీ నమస్కారం. పల్లెల్లో పోషకాహార సర్వేలకు వెళ్లబోతున్న మీకు ముందుగా చెప్పేది ఒకటే. మహమ్మారి వచ్చినంత మాత్రాన ప్రతి ఇంట్లోనూ పొయ్యి ఆరిపోదు. నిల్వ గింజలతో చాలా ఇళ్లలో కడుపు ఎలాగో నిండుతుంది. తగ్గిపోయేవి కంచంలోని రకాలు. "భోంచేశారా?" అని అడిగితే "తిన్నాం" అంటారు, అది అబద్ధం కూడా కాదు. ఆ ప్రశ్న మనకు పనికిరాదు, అంతే.

రకాలు ఎందుకు తగ్గుతాయి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారి అంది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో సంతలు మూతపడ్డాయి, బండ్లు ఆగాయి, కూలి పనులు పోయాయి. డబ్బుకు కటకటైన ఇల్లు గింజలను వదులుకోదు. ముందు పాలు, గుడ్లు, మాంసం, పండ్లు మానేస్తుంది. అదే డబ్బుకు గింజలైతే ఎక్కువ మంది కడుపు నిండుతుంది మరి. రైతు ఇంటి సంగతి ఇంకా చిక్కు. కూరగాయలు, పాలు కొనే నాథుడు లేక చేను దగ్గర ధర పడిపోతుంది, పట్నంలోనేమో అదే సరుకు దొరకదు. అమ్ముడుపోనిది ఇంట్లోనే తింటారుగా అంటారు కొందరు. కొన్నాళ్లు తింటారు. కానీ నూనె, పప్పు, మందులు కొనాల్సింది ఆ అమ్మకం డబ్బుతోనే. బడి మూతపడితే పిల్లల మధ్యాహ్న భోజనం కూడా ఇంటి మీదే పడుతుంది. 2020లో దాదాపు 37 కోట్ల మంది పిల్లలకు బడి భోజనం అందలేదని ఐక్యరాజ్య సమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమం లెక్కగట్టింది.

ఇక ఇంట్లోపల. తిండిలో కోత అందరికీ సమానంగా పడదు. పిల్లలకు పెట్టడం కోసం పెద్దవాళ్లు తగ్గించుకుంటారు, వాళ్లలోనూ చాలా చోట్ల ఆఖరున తినే ఆడమనిషి ఎక్కువ తగ్గించుకుంటుంది. ఇంట్లో ఏం వండారో రాసుకొస్తే ఈ తేడా కనబడదు. ఆమె ఏం తిన్నదో ఆమెనే అడగాలి.

దానికి వాడే కొలత 15 నుంచి 49 ఏళ్ల స్త్రీల ఆహార వైవిధ్యం. నిన్న పగలూ రాత్రీ తిన్నవాటిని పది గుంపుల్లో వేస్తాం: ధాన్యాలు, దుంపలు కలిపి ఒకటి; పప్పుధాన్యాలు; పలుకులు, నూనెగింజలు కలిపి ఒకటి; పాలు; మాంసం, చేపలు కలిపి ఒకటి; గుడ్లు; ముదురాకుపచ్చ ఆకుకూరలు; విటమిన్ ఎ ఎక్కువున్న ఇతర పండ్లు, కూరలు కలిపి ఒకటి; మిగతా కూరగాయలు; మిగతా పండ్లు. కనీసం ఐదు గుంపులు రావాలి. జాబితా చదివి "ఇది తిన్నారా, అది తిన్నారా" అని అడిగితే మర్యాదకు అన్నిటికీ ఊఁ కొట్టేవాళ్లుంటారు. నిద్ర లేచింది మొదలు వరసగా చెప్పించండి. ఏదైనా కూర పేరు చెబితే అందులో ఏమేం వేశారో విడదీయండి. ఆ తర్వాత "పనిలో ఉండగా నోట్లో ఏమైనా వేసుకున్నారా?" అనండి, మరిచిపోయేది ఎక్కువగా అక్కడే.

తప్పులు జరిగే చోట్లు రెండు. 15 గ్రాములకు తక్కువ తిన్నది లెక్కలోకి రాదు. రుచికి చల్లిన ఆకును ఆకుకూరగా రాస్తే అంకె ఊరికే పెరుగుతుంది. వెన్న పాల గుంపులోకి రాదు, కొవ్వుల్లోకి పోతుంది. ఇంకో మాట. ఈ కొలత ఊరి మొత్తంలో ఎంతమంది కనీసం ఐదుకు చేరారో చెబుతుంది గానీ, ఒక్కరోజు నాలుగే వచ్చిన మనిషికి పోషక లోపం ఉందని తేల్చదు.

దీనికి తోడుగా గత 7 రోజుల సర్దుబాట్లు అడగండి: చౌక తిండికి మారడం, తిండి అప్పు తేవడం, వడ్డన తగ్గించడం, పూటలు తగ్గించడం, పిల్లల కోసం పెద్దలు మానుకోవడం. చివరిదానికి రోజుకు 3 మార్కులు, అప్పుకు 2, మిగతావాటికి ఒక్కొక్కటి.

ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు జబ్బ చుట్టుకొలత కొలిచే పట్టీ చాలు. ఎడమ చెయ్యి వదులుగా వేలాడాలి, భుజం కొసకూ మోచేతి కొసకూ నడిమధ్యన చుట్టాలి. బిగిస్తే అంకె తగ్గి బాగున్న బిడ్డ కూడా లోపం కింద పడుతుంది. 125 మిల్లీమీటర్లకు తక్కువైతే లోపం, 115కు తక్కువైతే తీవ్రం. రెండు పాదాల మీదా వేలితో మూడు సెకన్లు నొక్కి చూడండి. గుంట మిగిలితే పట్టీ ఎంత చూపినా వెంటనే ఆసుపత్రికి పంపాలి. రాకపోకలు ఆగినప్పుడు పట్టీ తల్లికే ఇచ్చి నేర్పవచ్చు.

మొదటిసారి ఏ నెలలో వెళ్లారో, మరో ఏడాది రెండోసారి కొలిచేటప్పుడు కూడా అదే నెలలో వెళ్లాలి. కోతల తర్వాత ఒకసారి, గాదె ఖాళీ అయ్యే రోజుల్లో ఇంకోసారి కొలిచి, ఆ తేడా అంతా మహమ్మారిదేనంటే లెక్క తప్పు. ఫోన్ సర్వే అయితే ఇంకా జాగ్రత్త: ఫోన్ లేని ఇళ్లు తరచుగా ఎక్కువ పేదవి, ఉన్న ఇళ్లలోనూ చాలా చోట్ల అది మగవాళ్ల చేతిలో ఉంటుంది. ఆ ఇంటి ఆడమనిషికి ఫోన్ ఇమ్మని అడగండి, పక్కన ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే ఆమెకు వీలైన వేళ అడిగి, అప్పుడు మళ్లీ చేయండి.