లోపల కూడా ఎర్రగా ఉండే ద్రాక్ష

అందరికీ నమస్కారం. జార్జియా అనగానే ఈ హాల్లో సగం మందికి ఎంబీబీఎస్ సీటే గుర్తొస్తుంది. మా అమ్మాయి టిబిలిసిలో చదువుతోంది కాబట్టే నేనూ వెళ్లాను. నేనేమో హైదరాబాద్ శివార్లలో ఇరవై ఏళ్లు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పండించినవాణ్ణి. అక్టోబరులో తూర్పున ద్రాక్షతోటలుండే కఖేతీ ప్రాంతానికి తీసుకెళ్తే, తోటలో దిగీ దిగగానే ఒక పండు కోసి నలిపాను.

మామూలుగా నల్లద్రాక్ష నలిపితే రసం తెల్లగానే వస్తుంది. రంగంతా తొక్కలోనే. దీనికి గుజ్జు కూడా ఎరుపే. నేరేడు పండ్లు తిన్నట్టు వేళ్లకు పట్టుకుంది, కడిగినా పోలేదు. పేరు సపెరవి. జార్జియన్‌లో రంగు అద్దేదని అర్థం. ఆ పేరు పెట్టినాయన చేతులు కడుక్కుంటూ పెట్టి ఉంటాడు! నోట్లో వేసుకోబోతే "నాన్నా, అది తినేది కాదు" అంది అమ్మాయి. నిజమే, తీపి ఎంత ఎక్కినా పులుపు దిగదు. వైన్ ఏళ్ల తరబడి నిలవుండేది ఆ పులుపు, వగరు వల్లే.

మనం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తాం. మన తీగకు నిద్ర ఉండదు. అక్కడ చలికాలం ఆకు రాల్చి పడుకుంటుంది. ఏడాదికి కాపు ఒక్కటే. పందిరి కూడా వెయ్యరు, వరసల్లో కట్టిన ఇనప తీగలకు పాకిస్తారు. సపెరవి ఆలస్యంగా పండే రకం, కోత అయ్యేదాకా వానంటే టెన్షనే. వడగళ్ల భయం మాత్రం వాళ్లకూ మనకూ ఒకటే.

అప్పట్లో జార్జియా సోవియట్ యూనియన్‌లో భాగం. 1985లో సోవియట్ నేత గోర్బచేవ్ మద్యం మీద కన్నెర్ర చేసినప్పుడు తోటలు పీకించారు. 2006లో రష్యా వీళ్ల వైన్ కొనడం ఆపేసింది. తర్వాత నాణ్యత పెంచి వేరే దేశాల్లో అమ్ముకున్నారు. దెబ్బ తగలడమే మంచిదైందని కొందరంటారు. నేననను. నా తోట పీకి ప్లాట్లు వేసిన రోజు నేనూ గట్టు మీద నిలబడ్డాను.

ఇక వైన్ పులియబెట్టే క్వెవ్రి. మన తాతల ధాన్యం పాతర లాంటిదే, కాకపోతే మట్టి బాన. కోడిగుడ్డు ఆకారం, లోపల తేనెమైనం పూత, మెడదాకా భూమిలో పాతేస్తారు. తొక్కలతో సహా రసం అందులో పోస్తారు. పులిసేటప్పుడు తొక్కలు పైకి తేలి గట్టిగా కడతాయి. రోజుకు మూడునాలుగు సార్లు కర్రతో కిందికి అణచకపోతే పాడైపోతుంది. భూమి చల్లదనమే ఏసీ. 2013లో యునెస్కో గుర్తించింది ఈ పద్ధతినే. (తాగావా అని అడక్కండి, మా ఆవిడ ముందు వరసలోనే ఉంది.)

అసలు పని కడగడం. పొడుగాటి కర్ర చివర చెర్రీచెట్టు బెరడు కట్టి ఒక పెద్దాయన బాన లోపల రుద్దుతున్నాడు. నీళ్లు నాకు తేటగానే కనిపించాయి. ఆయన దోసిట్లో పట్టి వాసన చూసి, పారబోసి, మళ్లీ కర్ర అందుకున్నాడు.