బటన్ మూత డబ్బాలు: డబ్బా బాగుంది, గొడవంతా మూతతోనే

ముందే చెప్పేస్తున్నా, ఈ డబ్బాల సెట్ నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. వీడియో పెట్టే ముందు ఒకసారి మాకు చూపించండి అన్నారు, కుదరదని చెప్పాను. కొలతలు, ఎన్ని లీటర్లు పడతాయి, ఏ ప్లాస్టిక్, ఇవన్నీ అట్టపెట్టె మీదే ఉన్నాయి, మిగతా వీడియోల్లో చూసే ఉంటారు కూడా. వాటి జోలికి నేను పోను. ఈరోజు మాట్లాడేది మూత గురించి, దాదాపుగా మూత ఒక్కదాని గురించే.

సరే, డబ్బాకి కూడా దక్కాల్సింది దక్కనిద్దాం. నోరు వెడల్పుగా ఉంది, చెయ్యి మొత్తం లోపలికి పోతుంది, అంటే అడుగుదాకా తుడవొచ్చు. లోపలి మూలలు గుండ్రంగా చేశారు, చెంచాతో గీకితే చివరి పలుకు కూడా వచ్చేస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చితే జారట్లేదు. బయటి నుంచి ఎంత మిగిలిందో కనిపిస్తుంది. బాగుంది, అయిపోయింది.

ఇక మూత. మధ్యలో ఈ గుండ్రటి బటన్ ఉంది కదా, దీన్ని నొక్కితే లోపల ఉన్న మెకానిజం చుట్టూ ఉన్న సిలికాన్ వాషర్‌ని బయటికి తోస్తుంది, అది డబ్బా అంచుకి బిగుసుకుంటుంది. మళ్లీ నొక్కితే వాషర్ వెనక్కి తగ్గుతుంది, బటనే పిడిలా పైకి లేస్తుంది, పట్టుకుని తీయడమే. ఇదిగో వినండి, టక్. ఈ శబ్దం ఉంది చూశారూ, కొనేవాళ్లలో సగం మంది దీనికే పడిపోతారు. మొదట్లో నేను కూడా పని లేకపోయినా నొక్కుతూ కూర్చున్నాను.

ఇప్పుడు దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఫోకస్ కానివ్వండి... ఆ, వచ్చింది. ఇది పిండి పోసిన డబ్బా మూత. బయటికి తళతళలాడుతోంది కదా? ఇప్పుడు టూత్‌పిక్‌తో వాషర్ అంచు పైకి లేపుతున్నా. ఈ గాడిలో చూడండి, పొడవునా పిండి గీతలా పేరుకుని గట్టిపడిపోయింది. ఇక్కడ, ఈ మూల దగ్గర, గోధుమ రంగులో సన్నటి దారపు ముక్కలా ఉంది చూశారా? అది కదులుతోంది. అది పిండి పురుగు పిల్ల. డబ్బాలో పిండి శుభ్రంగానే ఉంది, జల్లించి చూశాను, ఒక్కటి కూడా లేదు. పురుగు కాపురం పెట్టింది మూతలో.

ఈ పిండి పురుగులు ఎర్రటి గోధుమ రంగులో, 3 నుంచి 4 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. గింజ కొరికే దవడ వీటికి అంతగా ఉండదు, పిండీ నూకా విరిగిన ముక్కలూ ఉంటే చాలు, అంటే మనం దుమ్ము అనుకుని వదిలేసేది వీటికి కడుపునిండా తిండి. ఎక్కువైతే ఇవి వదిలే క్వినోన్ అనే రసాయనాల వల్ల పిండికి ఒకరకమైన ఘాటు వాసన వస్తుంది, రంగు కూడా కాస్త గులాబీగా తిరుగుతుంది. అలాంటి పిండి జల్లించుకున్నా లాభం లేదు, పారేయడమే. ఇక డబ్బా మాత్రం మెరిసేలా కడిగి, గాడిలో పాత పిండి అలాగే ఉన్న మూత పెట్టి, కొత్త పిండి పోస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కడగొచ్చు కదా అంటారు. కడగండి, అసలు కోపం అక్కడే వస్తుంది. ఈ మూత లోపల బోలు. పక్క నుంచి నీళ్లు లోపలికి దూరతాయి, దూరినవి తొందరగా బయటికి రావు. ఇదిగో ఊపుతున్నా, గలగలమంటోంది, వినిపిస్తోందా? రాత్రి కడిగి బోర్లించింది, ఇంకా ఆరలేదు. ఆరింది అనుకుని పెట్టేస్తే, బటన్ నొక్కినప్పుడు ఒక చుక్క నేరుగా పంచదారలోకి దిగుతుంది. పంచదార అయితే గడ్డ కట్టి ఊరుకుంటుంది, పిండిలో పడితే బూజు. పొడి సరుకు నిల్వ చేయడమంటే మొదటి సంగతే తడి తగలకుండా చూడటం, మరి మూతే తడిని దాచిపెట్టుకుంటే ఎలా? మూత విడదీసి తుడుచుకునేలా చేసిన కంపెనీలు ఉన్నాయి, వీళ్లు మాత్రం అతికించేశారు. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ఇంతకుముందు నా దగ్గర నాలుగు పక్కలా క్లిప్పులు పడే డబ్బాలు ఉండేవి. వాటి వాషర్ చేత్తో లాగితే ఊడి వచ్చేది, కడగడం సులువు, కానీ క్లిప్పు మడతపడే చోట ప్లాస్టిక్ తెల్లబడి విరిగిపోయేది. మూడు క్లిప్పులతో మూసిన డబ్బా మూయనట్టే లెక్క. ఆ తర్వాత పంపుతో గాలి లాగే మూతలు వాడాను. రాత్రి గాలి లాగి పెడితే తెల్లారేసరికి మూత మీది గుర్తు పైకి లేచి ఉండేది, అంటే గాలి మళ్లీ లోపలికి దూరిందన్నమాట. ఎక్కడి నుంచి లీకవుతోందో కనిపెట్టడమే పెద్ద టెన్షన్.

చివరికి ఎప్పుడూ నిలబడింది మరమూత గాజు సీసానే. 1858లో జాన్ లాండిస్ మేసన్ పేటెంట్ తీసుకున్న పద్ధతి అది, సీసా మెడకి మరలు, దానికి తగ్గ మూత. 1946లో వచ్చిన టప్పర్‌వేర్‌లో కూడా గొప్పంతా మూతదే, నడుమ నొక్కి కాస్త గాలి బయటికి పంపి మూస్తే పట్టేస్తుంది, విరగడానికి లోపల మెకానిజమే లేదు. గుండ్రటి మూతకి ఇంకో లాభం, చుట్టూ ఒకేలా బిగుస్తుంది. ఈ చదరపు మూత మూలల దగ్గర అలా బిగుసుకోవట్లేదు. ఖాళీ డబ్బా మూసి నీళ్లలో ముంచి నొక్కి పట్టుకున్నా, ఇదిగో, ఈ మూల నుంచి బుడగలు. సెట్‌లో అన్నీ ఇలా లేవు, పెద్ద డబ్బా మాత్రం ఇలాగే ఉంది. మరమూతకి కూడా లోపల రబ్బరు ఉండి తీరాలి, లేకపోతే పిండి చిమ్మట అనే చిన్న రెక్కల పురుగు పిల్లలు మరల సందుల్లోంచి పాక్కుంటూ లోపలికి వెళ్లిపోతాయి. పల్చటి ప్లాస్టిక్ కవర్‌ని కొరికి చిల్లు పెట్టేవి, సరుకంతా దారాల్లా తుట్టె కట్టేవి అవే. గోడకీ పైకప్పుకీ మధ్య మూలల్లో గూళ్లు కనిపిస్తే డబ్బాల్లో వెతకండి.

గాలి చొరని డబ్బాలో పోసినా బియ్యంలో పురుగు ఎలా వచ్చింది అని చాలామంది అడుగుతున్నారు. ఈ విషయంలో మాత్రం నేను డబ్బా పక్షమే. బియ్యంలో పట్టే ముక్కు పురుగు గింజకి చిన్న చిల్లు పెట్టి, లోపల గుడ్డు పెట్టి, పైన జిగురులాంటి దానితో పూడ్చేస్తుంది. మనకి కనపడదు. పిల్ల లోపలే గింజ తింటూ పెరిగి, వేడి చోట అయితే సుమారు నెల రోజుల్లో పురుగై బయటికి వస్తుంది. అంటే కొనేటప్పటికే లోపల ఉందన్నమాట. ఇంటికి తాళం వేసి దొంగని లోపలే వదిలేసినట్టు. సెనగల్లాంటి గింజల్లో పుచ్చు పురుగు కాస్త నయం, గుడ్లు గింజ పైనే అతికిస్తుంది, దీపం దగ్గర పెట్టి చూస్తే తెల్ల చుక్కలు కనిపిస్తాయి.

అందుకని డబ్బాలో పోసే ముందే చేయాల్సిన పని ఒకటుంది. కొత్త సరుకుని చిన్న చిన్న ప్యాకెట్లుగా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి, గుడ్లతో సహా చస్తాయి. పెద్ద సంచి అలాగే పెట్టేస్తే నడిమధ్యకి చలి చేరడానికి చాలా సేపు పడుతుంది. బయటికి తీశాక ప్యాకెట్ వెంటనే విప్పకండి, మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే గాలిలో తేమంతా చల్లటి గింజల మీద నీరై కూర్చుంటుంది. ఫ్రీజర్‌లో చోటు లేకపోతే చల్లటి చోట పెట్టినా కొంత ఉపయోగం, 15 డిగ్రీల కంటే కిందకి వెళ్తే ఈ రకం పురుగుల్లో చాలావాటి ఎదుగుదల ఆగిపోతుంది.

మరి గాలి ఆడకుండా మూస్తే పురుగే చావదా? చస్తుంది, కానీ ఇలాంటి డబ్బాలో కాదు. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు ఆఫ్రికాలోని కామెరూన్‌లో రైతుల అలసందల కోసం 1987లో మొదలుపెట్టిన పని నుంచి మూడు పొరల సంచి ఒకటి వచ్చింది, లోపల రెండు ప్లాస్టిక్ సంచులు, బయట గోనెలా నేసిన సంచి. నిండా నింపి ఒక్కో పొర విడివిడిగా బిగించి కడతారు, లోపలి పురుగులే ఉన్న ఆక్సిజన్ పీల్చేసుకుని, అది తగ్గిపోయి ఎదగలేక చస్తాయి. మందూ మాకూ లేదు. కానీ అది నిండుగా ఉండాలి, మాటిమాటికీ తెరవకూడదు. మన డబ్బా సగం ఖాళీ, రోజూ తీస్తాం, తీసినప్పుడల్లా లోపలి పురుగుకి కొత్త గాలి. పైగా వాషర్ సిలికాన్, అది నీటిని ఆపుతుంది గానీ ఆక్సిజన్‌ని నెమ్మదిగా పోనిస్తూనే ఉంటుంది, కాంటాక్ట్ లెన్సుల్లో సిలికాన్ కలిపేది కూడా కంటికి గాలి అందాలనే. అట్టపెట్టె మీద 'వంద శాతం ఎయిర్‌టైట్' అని రాసుకున్నారు. బయటి పురుగుని ఆపుతుంది అని రాస్తే నేనేమీ అనేవాణ్ని కాదు.

ఇంకోటి, 'సరుకు ఎప్పటికీ తాజాగా' అని కూడా ఉంది. గోధుమ పొట్టుతో సహా మరపట్టిన పిండి, దంపుడు బియ్యం, వీటిలో నూనె ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ అదే పాడై ఒకరకం చేదు వాసన కొడుతుంది. దానికి ఏ మూతా సమాధానం కాదు, తక్కువ కొనుక్కోండి లేదా ఫ్రిజ్‌లో పెట్టండి.

సరే, తీసుకోవాలా వద్దా? పిండికి వద్దు. రవ్వకి వద్దు. కారం, పసుపు లాంటి మెత్తటి పొడులకి అసలే వద్దు. సెనగలు, పెసలు, పంచదార పోసుకుంటానంటే డబ్బా నిజంగా బాగుంది, కొనుక్కోండి, కానీ మూతని నీళ్లలో ముంచకండి, తడిబట్టతో తుడిచి, గాడిని పొడి బ్రష్‌తో దులపండి. పాత సరుకు మీద కొత్తది మాత్రం ఎప్పుడూ పోయకండి, ఏ డబ్బా అయినా సరే, ఖాళీ చేసి తుడిచాకే.

మార్కులు ఇవ్వమంటే డబ్బాకి 10కి 8, మూతకి 2. సగటు తీసి 5 అనకండి, మూత లేని డబ్బాని గిన్నె అంటారు. మా ఇంట్లో పిండి మళ్లీ గాజు సీసాలోకి వెళ్లిపోయింది, ఈ సెట్‌లో గింజలు ఉన్నాయి. మూత విడదీసే దారి ఏదైనా ఉందా, వాషర్ విడిగా అమ్ముతారా అని కంపెనీకి రాశాను, ఈ వీడియో తీసేటప్పటికి జవాబు రాలేదు. వస్తే కింద పెడతాను.