కుక్కకి మందు పెరుగన్నంలో పెడుతున్నారా?

యాంకర్: నమస్కారం అండి. ముసురు పట్టిందంటే మన కోనసీమలో కుక్కలకి గోమార్లు (రక్తం పీల్చే పిడుదులు), వాటి వెనకే జ్వరాలు. మందుల చీటీలో ముందు కనపడే యాంటీబయాటిక్ డాక్సీసైక్లినే కదండీ డాక్టరు గారూ?

డాక్టర్: ఆయ్. గోమార్లు అంటించే ఎర్లీషియా జ్వరానికి అదే మందు. రోజుకి కిలోకి 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. పది కిలోల కుక్కకి వంద మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి. లెక్క తేలికే, వేసే తీరులోనే ఉంది చిక్కంతా. పరగడుపున వేస్తే వాంతి చేసుకుంటుందని పెరుగన్నంలో ముద్ద చేసి పెడతారు. పెరుగులో కాల్షియం మందుని పట్టుకుంటుంది, ఒంటబట్టేది తగ్గుతుంది.

యాంకర్: మరి దేంట్లో పెట్టాలండీ?

డాక్టర్: ఉల్లిపాయ, ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, అన్నం. సగం తిన్నాక ఓ ముద్దలో బిళ్ల, మిగతాది ఆ పైన. ఆఖర్ని సిరంజితో చెంప పక్క నుంచి ఐదారు మిల్లీలీటర్ల నీళ్ళు, నెమ్మదిగా. పొడి బిళ్ల గొంతు దిగువన ఆగిపోతే అక్కడ పుండు పడుతుంది. కుక్క మెడ సాగదీసి గుటకలు వేస్తుంది, గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసి వెళ్ళిపోతుంది. జ్వరం తగ్గలేదేమో అనుకుంటాం! ఇంకోటండీ, రక్తం తగ్గిందని ఐరన్ టానిక్ కూడా పోస్తారు. అదీ డాక్సీని పట్టేస్తుంది. పొద్దున డాక్సీ వేస్తే టానిక్ రాత్రికి.

యాంకర్: విరేచనాలకి మెట్రోనిడజోల్ మందుల షాపులోనే అడిగి తెచ్చేసుకుంటారు.

డాక్టర్: ఆ బిళ్ల 400 మిల్లీగ్రాములు. పది కిలోల కుక్కకి రోజూ రెండు వేస్తే 800, అంటే కిలోకి 80. రోజుకి కిలోకి 60 దాటితే మెదడు మీద పడే ప్రమాదం బాగా పెరుగుతుంది, లివర్ దెబ్బతిన్న కుక్కకైతే అంతకన్నా తక్కువకే. నడుం తూలుతుంది, తల ఓ పక్కకి వాలుతుంది, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, గడప దాటబోయి పడుతుంది. పక్షవాతం అనుకుని నూనె రాస్తూ అదే బిళ్ల ఇంకా వేస్తే ముదురుతుంది. వెంటనే ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డయాజిపామ్ ఇస్తే తొందరగా తేరుకుంటాయి, లేకపోతే వారం, పది రోజులు పట్టచ్చు. అసలు హుషారుగా తిరుగుతూ రెండుసార్లు పల్చగా వెళ్ళిన కుక్కకి ఈ మందు ఎందుకండీ?

యాంకర్: అనపర్తి, తణుకు వైపు కోళ్ళ ఫారాల్లో ఎన్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ సీసాలుంటాయి. కుక్కకీ ఓ చెంచా...

డాక్టర్: అమ్మో, ఆ చెంచాతోనే భయం. పది శాతం మందు, మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు. పది కిలోల కుక్కకి కిలోకి 5 చొప్పున అర మిల్లీలీటరు చాలు. టీ చెంచా పోస్తే పదింతలు! వాంతులు, మూర్ఛలు. పైగా అది నీళ్ళ తొట్లో కలిపి పల్చన చేసి ఇవ్వాల్సింది. ఎదిగే కుక్కపిల్లలకైతే మోతాదు సరిగ్గా ఉన్నా కీళ్ళ మృదులాస్థి దెబ్బతినచ్చు. చిన్న జాతులకి 8 నెలలు, లాబ్రడార్ లాంటివాటికి 12, గ్రేట్ డేన్‌కి 18 నిండేదాకా వద్దు.

యాంకర్: సూదుల సంగతి?

డాక్టర్: ముఖ్యంగా జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్. వాంతులతో ఒంట్లో నీరు ఎండిపోయిన కుక్కకి సెలైన్ ఎక్కించకుండా ఇస్తే కిడ్నీలు పోవచ్చు, చెవుడు కూడా రావచ్చు. సల్ఫా మందులు వాడుతుండగా కంట్లో జిగురు పుసి పేరుకుంటే కన్నీరు ఎండుతోందని గుర్తు. డాబర్‌మాన్‌కి సల్ఫా పడదు, కీళ్ళు వాస్తాయి, ఆ మాట ముందే చెప్పండి. ఏ సూదైనా వేయించాక అరగంట అక్కడే ఉండండి. మూతి వాచినా, దద్దుర్లు లేచినా చూడ్డానికి డాక్టరు అందుబాటులో ఉంటారు.

యాంకర్: బిళ్ల వేసిన కాసేపటికే కక్కేస్తే మళ్ళీ వెయ్యాలా?

డాక్టర్: పుల్లతో కదిపి చూడండి. బిళ్ల అలాగే ఉంటే డాక్టరుకి ఫోన్ చేసి, చెబితే వెయ్యండి. కనపడకపోతే వద్దు, వేళకి రావాల్సిన డోసు చాలు. వరసగా రెండు పూటలు కక్కితే మందు మార్చాలేమో చూద్దాం. మీ అంతట మీరు ఆపేయకండి, ఆ బిళ్లల అట్ట మాత్రం వెంట తీసుకురండి.