అరుదైన విత్తనం చేతికొచ్చాక: జాతి చెడకుండా నిలుపుకోవడంపై చర్చ

చర్చలో పాల్గొన్నవారు: విత్తన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆచార్యులు, జహీరాబాద్ ప్రాంతానికి చెందిన మహిళా రైతు, హైదరాబాద్‌లో మిద్దె తోట పెంచుతున్న గృహిణి.

సమన్వయకర్త: నమస్కారం. మిద్దె తోటలు పెంచేవారి మధ్య విత్తనాల మార్పిడి ఇప్పుడు జోరుగా సాగుతోంది. గుత్తి బీర, తెల్ల వంకాయ, ఏనుగు దంతం బెండ, రెక్క బంతి వంటివి చేతులు మారుతున్నాయి. పొట్లం మీద 'నాటు' అని రాసి ఉన్నంత మాత్రాన అది నాటు విత్తనమేనా, ఒకవేళ నిజంగా నాటుదే అయినా నాలుగు పంటలు గడిచాక మన దగ్గర అదే రకం మిగులుతుందా అన్నది ఈ నాటి చర్చ. ఆచార్యుల వారితో మొదలుపెడదాం.

ఆచార్యులు: విత్తనాన్ని సేకరించేవారు చాలామంది ఉన్నారు; దాన్ని నిలిపేవారు తక్కువ. టమాటా, చిక్కుడు చాలావరకు తమ పువ్వులోని పుప్పొడితోనే కాయ కడతాయి కనుక వాటి విత్తనం దాచుకోవడం తేలిక. వంగ కొంతమేరకు, మిరప అంతకన్నా ఎక్కువగా వేరే మొక్కలతో పరాగం, అంటే పుప్పొడి, మార్చుకుంటాయి. మిరపలో మూల విత్తనం, అంటే రైతులకు అమ్మే ధ్రువీకరించిన విత్తనానికి ఆధారమైన విత్తనం, పండించేటప్పుడు వేరే రకానికి 400 మీటర్ల దూరం ఉండాలని ధ్రువీకరణ ప్రమాణాలు చెబుతున్నాయి. రెండు వందల గజాల ఇంటి మీద ఆ దూరం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని పక్కపక్క కుండీల్లో నాలుగు రకాల మిరప పెట్టి, నాలుగింటి విత్తనమూ తీసి పంచేవారిని చూస్తే నాకు కొంచెం భయం వేస్తుంది.

సమన్వయకర్త: అంటే మిద్దె మీద జాతి చెడకుండా విత్తనం కట్టడం కుదరదంటారా?

ఆచార్యులు: కుదురుతుంది, కాని పూత దశలోనే పని మొదలుపెట్టాలి. కాయ ఎండాక చేయగలిగింది ఏమీ ఉండదు. ఈ విషయం మిద్దె తోట పెంచే అమ్మ గారు నాకన్నా బాగా చెబుతారు, బీర విత్తనాన్ని ఆవిడే కట్టుకుంటున్నారు.

గృహిణి: బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుందండీ. గుమ్మడి అయితే తెల్లవారుజామున, సొర అయితే పొద్దు వాలాక. ఈ వేళలు తెలియకపోతే మనం చూసేసరికే తేనెటీగో రెక్కల పురుగో వచ్చి వెళ్లిపోతుంది. ఆ సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గ అంచున పసుపు రంగు తొంగి చూస్తుంటుంది. మధ్యాహ్నమే అటువంటి ఆడ మొగ్గనూ, వేరే మొక్క మీది రెండు మగ మొగ్గలనూ ఎంచి, పల్చటి కాగితపు సంచులు తొడుగుతాను. పువ్వులు విచ్చాక మగ పువ్వు రెక్కలు తుంచేసి, పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో సున్నితంగా రాసి, మళ్లీ సంచి తొడుగుతాను. పిందె నిలదొక్కుకున్నాక సంచి తీసేసి కాడకు ఎర్ర దారం కడతాను. ఆ దారం చూస్తే ఇంట్లో ఎవరూ ఆ కాయను కూరకు కోయరు. అది తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనే దాకా ఉండాలి. అప్పుడు కాయ కొన దగ్గరి మూత ఊడి, నల్లటి గింజలు వాటంతట అవే రాలతాయి.

ఆచార్యులు: గుత్తి బీరలో ఒకే పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కనుక సంచి తొడిగితే చాలావరకు సరిపోతుంది. అలాగని సంచి లేకుండా మామూలు బీర పక్కన వదిలేస్తే రెండూ కలిసిపోతాయి.

సమన్వయకర్త: ఒక ప్రేక్షకురాలి ప్రశ్న: కీరా పక్కన దోస పెడితే దోసకాయలు చేదవుతాయని అంటారు, నిజమేనా?

ఆచార్యులు: ఈ మాట ఎన్నేళ్లుగానో వింటున్నాను, ఇందులో రెండు పొరపాట్లు ఉన్నాయి. మొదటిది, మనం పప్పులో వేసుకునే పసుపు దోసకూ కీరాకూ పరాగం కలవదు. పసుపు దోస వృక్షశాస్త్రం ప్రకారం ఖర్బూజా జాతికి చెందింది. అది ఖర్బూజాతోనూ, నక్క దోసతోనూ, వరుగులు పెట్టుకునే బుడమకాయతోనూ కలుస్తుంది. కనుక భయపడాల్సింది పొలం గట్టున దానంతటది మొలిచిన బుడమ తీగను చూసి. రెండవది, పరాగం కలిసినా ఈ ఏటి కాయ కండ రుచి మారదు, ఎందుకంటే ఆ కండ తల్లి మొక్కది. తేడా ఉండేది లోపలి గింజలో, అది వచ్చే ఏడు మొలిచి కాయ కాసినప్పుడు బయటపడుతుంది. అందుకే తరిగే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూసే మన ఇళ్ల అలవాటు చాలా మంచిది. సొరకాయ చేదుగా ఉంటే మాత్రం వండకుండా పారేయండి. చేదు సొర రసం తాగడం ప్రాణాపాయమని భారత వైద్య పరిశోధన మండలి కూడా హెచ్చరించింది. ఆ కాయల గింజలు ఎవరికీ ఇవ్వకండి.

సమన్వయకర్త: అమ్మా, మీ జహీరాబాద్ ప్రాంతంలో సంక్రాంతి సమయంలో పాత పంటల జాతర జరుగుతుంది. విత్తనాలను అలంకరించిన ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతారు. 2019లో అక్కడి మహిళా సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. మీ ఇళ్లలో విత్తనం దాచే పద్ధతి ఎలా ఉంటుంది?

మహిళా రైతు: పంట చేలో ఉండగానే విత్తనపు మొక్కలను ఎంచుకుంటాం. ఇంటికి చేరిన కుప్పలోంచి మంచి గింజ ఏరుకోవడం వేరు, నిలబడి ఉన్న మొక్కను చూసి ఎంచుకోవడం వేరు. వాన తప్పినప్పుడు ఏది తట్టుకుంది, పురుగు దేన్ని వదిలింది అన్నది చేలోనే కనబడుతుంది. ఎంచిన దాన్ని బాగా ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి బుట్టలో పోసి, పైన మట్టి, పేడతో మెత్తి పెడతాం. ఇంకొకరు అడిగితే కాదనం, కాని తీసుకున్నదానికన్నా కొంచెం ఎక్కువే కొలిచి తిరిగి ఇవ్వాలి. కూరగాయలకు విడిగా మడులు వేసేది తక్కువ, జొన్న, కంది సాళ్ల మధ్యనే అవీ పెరుగుతాయి. బతుకమ్మకు కావలసిన గునుగు అయితే విత్తేవారు లేకుండానే చేలల్లో మొలిచేది. కలుపు మందులు కొట్టే చోట అది కూడా కనబడడం లేదు.

ఆచార్యులు: ఈమె చెప్పిన ఎండబెట్టడంలోనే విత్తనపు ఆయుష్షంతా ఉంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాదాపు రెండింతల కాలం నిలుస్తుందని మా శాస్త్రంలో ఒక లెక్క ఉంది; నిల్వ చేసే చోటు 5 డిగ్రీలు చల్లబడినా అంతే. ఢిల్లీలోని జాతీయ జన్యు బ్యాంకులో బాగా ఎండబెట్టిన విత్తనాలను సున్నాకు దిగువన 18 డిగ్రీల వద్ద ఉంచుతారు. ఇంట్లో గాజు సీసా, ఫ్రిజ్ చాలు. తడి ఆరని గింజలను ప్లాస్టిక్ సంచిలో బిగించి పెడితే మాత్రం బూజు పడుతుంది. ఉల్లి విత్తనం ఏడాది దాటితే నమ్మలేం, టమాటా, వంగ నాలుగేళ్ల వరకూ మొలుస్తాయి.

సమన్వయకర్త: పూల సంగతి?

గృహిణి: ముద్ద బంతి సంకర (హైబ్రిడ్) విత్తనం కొని పెంచి, ఆ పువ్వుల గింజలే మళ్లీ వేస్తే కొన్ని ముద్దగా, కొన్ని రెక్క పువ్వులుగా వస్తాయి. చాలామంది మట్టినే తప్పు పడతారు. చంద్రకాంత విషయంలో ఆ బాధ లేదు, మిరియాల్లాంటి నల్ల గింజలు రాలిన చోటే మొలుస్తాయి.

ఆచార్యులు: చంద్రకాంత అంటే మాకు ప్రత్యేకమైన గౌరవం. ఆకుల మచ్చలు తల్లి వైపు నుంచే సంక్రమిస్తాయని కారెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1909లో ఈ మొక్క మీదనే చూపించారు. ఇక ఢిల్లీ కనకాంబరానికి గింజే రాదు, దాన్ని కొమ్మ నాటి పెంచుకోవలసిందే; చామంతి రకాలనూ పిలకలతోనే నిలుపుకోవాలి.

సమన్వయకర్త: నాటు రకాలకు తెగుళ్లు రావన్న ప్రచారం గురించి?

ఆచార్యులు: అది వ్యాపారపు మాట. బెండలో పల్లాకు తెగులును తెల్లదోమ మోసుకొస్తుంది, నాటు మొక్క అని అది వదిలిపెట్టదు. ఆ తెగులును తట్టుకుంటుందని 1960లలో పేరు తెచ్చుకున్న పూసా సావని అనే బెండ రకం కూడా తర్వాత లొంగిపోయింది. నాటు రకాన్ని రుచి కోసం, ఆ నేలకూ రుతువుకూ కుదిరిన గుణం కోసం కాపాడుకోవాలి. చట్టం కూడా మనకు అడ్డు కాదు: 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు.

సమన్వయకర్త: చివరిగా న్యూజెర్సీ నుంచి ఒకరు అడుగుతున్నారు: గోంగూర, పాత చిక్కుడు ఏపుగా పెరుగుతున్నాయి, కాని విత్తనం చేతికి రావడం లేదు.

ఆచార్యులు: ఆ రెండూ పగటి పొద్దు తగ్గితేనే పూతకొచ్చే మొక్కలు. మన దగ్గర ఆషాఢ, శ్రావణాల్లో పెట్టిన చిక్కుడు చలికాలంలో కాస్తుంది. అక్కడ పొద్దు తగ్గి పూత పట్టేసరికే మంచు కురిసి తీగ మాడిపోతుంది. వేసవి చివర్లో ఒక కుండీ మొక్కకు రోజూ సాయంత్రం నుంచి మర్నాడు ఉదయం వరకు పద్నాలుగు గంటల పాటు వెలుతురు చొరబడని గుడ్డ కప్పితే త్వరగా పూత రావచ్చు. చిక్కుడు కాయ కోసమే అయితే, పగటి పొడవుతో పని లేని అర్క జయ్ వంటి రకం వేసుకోవడం సులువు. ఇక్కడి నుంచి విత్తనం తీసుకువెళ్లేవారు మాత్రం ఆ దేశపు వ్యవసాయ శాఖ అనుమతి నిబంధనలు ముందే చూసుకోవాలి, లేకుంటే విమానాశ్రయంలోనే పొట్లం తీసేసుకుంటారు.