గోంగూర కుండీలో కేల్: అనంతపురం స్టూడియోలో జరిగిన చర్చ, ఉన్నది ఉన్నట్టు

(అనంతపురంలో ఒక కేబుల్ చానల్ ఆదివారం చర్చ ఇది. పేర్లు తీసేసి, ఎవరు ఏ హోదాలో వచ్చారో అదే పెట్టాను. ఒకరి మాట మీద ఒకరు పడ్డ చోట చుక్కలు ఉంటాయి. చుక్కలు ఎక్కువే.)

వ్యాఖ్యాత: నమస్కారం. వారం రోజులుగా మన ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫొటో. మిద్దె మీద గోంగూర మొక్కలు పీకి గోడవారన పడేశారు. అవే కుండీల్లో కేల్ అనే విదేశీ ఆకుకూర నారు. కింద 'గోంగూరకు పట్టిన గతి' అని రాశారు. చలికాలం ఇంటితోటలో కేల్ వేయాలా, వద్దా? ఇది సీమ ఆత్మగౌరవ సమస్యా? నలుగురికీ సమానంగా టైమ్ ఇస్తాం. ముందుగా రైతమ్మ గారు...

బ్యాంకు సార్: ముందు నన్ను చెప్పనీయండి. ఆ మిద్దె నాదే.

వ్యాఖ్యాత: మీదా!

బ్యాంకు సార్: నాదే. ఫొటో తీసింది పక్కింటాయన. రిటైరయ్యాక ఆరు నెలలు మా అమ్మాయి దగ్గర మిషిగన్‌లో ఉన్నాను. పెరట్లో మోకాలి లోతు మంచు. అందులోంచి కేల్ ఆకు పచ్చగా తల ఎత్తుకొని ఉంది. సున్నాకు పది డిగ్రీలు కిందికి పోయినా చావదు. మంచు పడ్డాక కోస్తే ఇంకా తియ్యగా ఉంటుంది. అలాంటి మొక్కకు మన అనంతపురం చలి ఒక లెక్కా?

ఉద్యాన నిపుణుడు: సార్, సమస్య అక్కడే ఉంది. మనకు చలి...

బ్యాంకు సార్: ఒక్క నిమిషం. ఇదిగో, కుండీ తెచ్చాను. కెమెరా ఇటు తిప్పండి.

రైతమ్మ: ఇదేనా? ప్యాకెట్ మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని 'కాలే' అని చదివినా. చలికాలంలో కాలేదేంది అనుకున్నా.

(నవ్వులు.)

వ్యాఖ్యాత: అమ్మా, గోంగూరను పీకి దీన్ని పెడితే మీకు బాధ అనిపించలేదా?

రైతమ్మ: బాధ ఎందుకు నాయనా? పొద్దు తగ్గితే గోంగూర పూతకు వస్తుంది. ఇప్పుడు ఆకు చిన్నదైపోయి, కాడ నార తేలి ఉంటుంది. పీకాల్సిందే. నేను అడిగేది వేరే. దీనికి విత్తనం మనమే కట్టుకోవచ్చా?

వ్యాఖ్యాత: అంటే ఆత్మగౌరవం కోణంలో...

బ్యాంకు సార్: విత్తనం ఆన్‌లైన్‌లో దొరుకుతుందమ్మా. వంకర అంచుల రకం ఉంది, ముదురు పచ్చగా సన్నగా పొడుగ్గా ఉండే ఇటలీ రకం ఉంది, ఎర్ర కాడల రష్యన్ రకం ఉంది. మూడూ వేశాను.

(రైతమ్మ ప్రశ్నకు ఇది జవాబు కాదని ఎవరూ గమనించలేదు. గోంగూర తగాదా ఆమె మాటతో అక్కడే తేలిపోయిందని కూడా.)

ఉద్యాన నిపుణుడు: నేను రెండు మాటలు చెప్తాను. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, కేల్ అన్నీ ఒకే జాతి. కేల్‌కు క్యాబేజీలా గడ్డ రాదు, ఆకే పంట. చలి తగిలితే ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ చక్కెరే కణాల్లో నీరు గడ్డకట్టకుండా కాస్తుంది. అందుకే తీపి. అది మంచు కురిసే చోటి సంగతి. మన దగ్గర డిసెంబర్, జనవరి రాత్రుళ్ళు ఎక్కువగా 15 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాయి. దాని చలి బలం మనకు అక్కరకే రాదు. మనకు భయం ఫిబ్రవరి తర్వాత వచ్చే ఎండ. అందుకని అక్టోబర్‌లోనే నారు పోసుకొని, నాలుగు వారాల మొక్కను...

బ్యాంకు సార్: నాది తియ్యగానే ఉంది.

ఉద్యాన నిపుణుడు: తియ్యగా అనిపించవచ్చు, కానీ...

బ్యాంకు సార్: అనిపించడం కాదు, ఉంది! మా ఆవిడను అడగండి.

వ్యాఖ్యాత: డైటీషియన్ గారూ, మునగాకు, తోటకూర, పొన్నగంటి ఉన్న సీమకు బయటి ఆకు కావాలా? ఆత్మగౌరవం అనే కోణంలో చెప్పండి.

డైటీషియన్: ఆ కోణం నాకు తెలియదండీ. ఆకు సంగతి చెప్తాను. మునగాకులో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, కేల్‌ కంటే తక్కువేమీ కాదు. పాలకూరతో పోలిస్తే మాత్రం కేల్ నయం. పాలకూరలో ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని ఒంటికి అందకుండా పట్టేసుకుంటాయి, కేల్‌లో అవి తక్కువ. ఇంకో ముఖ్యమైన విషయం. కేల్‌లో విటమిన్ కె చాలా ఎక్కువ. గుండె జబ్బుకు వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు దీన్ని ఉన్నట్టుండి ఎక్కువగా తింటే...

బ్యాంకు సార్: నాకు బీపీ ఒక్కటే.

డైటీషియన్: మీ గురించి కాదు సార్, చూసేవాళ్ళ కోసం. డాక్టరును అడక్కుండా...

బ్యాంకు సార్: నేను రోజూ తింటున్నాను. పుల్లగూర చేస్తుంది మా ఆవిడ. చింతపండు, పచ్చిమిరపకాయలు, చివర్లో చెనక్కాయల పొడి. రాగి సంగటిలోకి పెడితే గోంగూరా, కేలా చెప్పలేరు!

రైతమ్మ: చింతపండు వేస్తే గడ్డి కూడా గోంగూరే సార్.

(ఇక్కడ సంగటిలో నూకలు పోయాలా, బియ్యం పోయాలా అని మూడు నిమిషాలు నడిచింది. కత్తిరించాను. బ్యాంకు సార్‌ది బియ్యం పక్షం.)

వ్యాఖ్యాత: మళ్ళీ విషయానికి వద్దాం. నీళ్ళు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానపడే జిల్లాలో విదేశీ ఆకుకు నీళ్ళు పోయడం ఆత్మగౌరవం...

ఉద్యాన నిపుణుడు: పన్నెండు అంగుళాల కుండీకి చలికాలంలో నీళ్ళ ఖర్చు తోటకూర కుండీ కంటే పెద్ద తేడా ఉండదు. చివికిన పశువుల ఎరువు, ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు కలిపి, పైన ఎండుటాకు కప్పితే చాలు. అడుగు ఆకులు కోసుకుంటూ నడిమి మొవ్వను వదిలేస్తే రెండు నెలలు కోయవచ్చు. అసలు తలనొప్పి పురుగుతో. క్యాబేజీని తినే డైమండ్ రెక్కల పురుగు, పేనుబంక దీన్నీ వదలవు. వేప గింజల కషాయం ఐదు శాతం...

బ్యాంకు సార్: నా మిద్దె మీద ఒక్క పురుగు లేదు.

కెమెరామన్ (తెర వెనక నుంచి): సార్, ఆ కుండీలో కింద ఆకుకు బొక్కలున్నాయి.

బ్యాంకు సార్: ఆటోలో వస్తుంటే చిరిగింది.

ఉద్యాన నిపుణుడు: గుండ్రంగా చిరిగిందా సార్? క్యాబేజీ రైతులు 25 వరుసలకు రెండు వరుసలు ఆవాలు వేస్తారు, పురుగు అటు పోతుందని. మీరూ ఒక కుండీలో ఆవాలు చల్లండి.

బ్యాంకు సార్: నేను చెప్పబోయిందీ అదే.

రైతమ్మ: నాయనా, విత్తనం సంగతి.

వ్యాఖ్యాత: వస్తున్నానమ్మా. సార్, కేల్ వేడి దేశాల్లో పండదంటారా?

ఉద్యాన నిపుణుడు: అలా అనను. కాశ్మీర్‌లో 'హాక్' అనే దీని దగ్గరి చుట్టం ఇంటింటి పెరట్లో ఉంటుంది. కెన్యాలో 'సుకుమా వికి' అంటారు. వారం నెట్టుకొచ్చే కూర అని అర్థం. అక్కడ పేదల కూర అది. అయితే అక్కడ ఎక్కువగా ఎత్తు ప్రాంతాల్లో...

బ్యాంకు సార్: విన్నారా! కెన్యా! ఆఫ్రికాలో పండితే అనంతపురంలో పండదా?

ఉద్యాన నిపుణుడు: నేను ఎత్తు ప్రాంతం అన్నాను.

బ్యాంకు సార్: మనదీ పీఠభూమే కదా.

(ఉద్యాన నిపుణుడు నీళ్ళు తాగారు.)

రైతమ్మ: మూడోసారి అడుగుతున్నా. విత్తనం?

ఉద్యాన నిపుణుడు: కట్టుకోలేమమ్మా. ఇది రెండేళ్ళ మొక్క. కొన్ని వారాలు గట్టి చలి తగిలితేనే పూతకు వస్తుంది. మన చలి దానికి చాలదు. ఆకులు వేస్తూనే ఉంటుంది, ఎండలు ముదిరాక చేదెక్కి వాడిపోతుంది. ఏటా కొనాల్సిందే.

రైతమ్మ: అట్లనా. గోంగూర అయితే నాలుగు కాయలు వదిలితే మళ్ళీ వానకు అదే మొలుస్తుంది.

వ్యాఖ్యాత: చూశారా! ఇదే నేను మొదటి నుంచీ అంటున్న ఆత్మగౌరవం!

రైతమ్మ: నేను దుడ్ల సంగతి మాట్లాడుతున్నా నాయనా.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోయింది. ఒక్కొక్కరికి ముప్పై సెకన్లు.

బ్యాంకు సార్: ఒక్క ముక్కే. చలిని తట్టుకునే మొక్క ఇది. మిషిగన్‌లో మోకాలి లోతు మంచులో...

(రెండు నిమిషాల పది సెకన్లు. మిగతా ముగ్గురికీ సమయం లేదు. వచ్చే ఆదివారం రెండో భాగం ఉంటుందని, బ్యాంకు సార్ మళ్ళీ వస్తారని వ్యాఖ్యాత చెప్పారు. మైకులు తీస్తుండగా పడిన మాటలు కూడా రాస్తున్నాను.)

రైతమ్మ: సార్, ఆ కింది ఆకు నాకియ్యండి.

బ్యాంకు సార్: పుల్లగూరకా అమ్మా?

రైతమ్మ: మేకకు. తింటుందో లేదో చూస్తా.