గట్టు మీద బండి జారకుండా: స్కూటర్ టైర్లు మార్చేటప్పుడు

యాంకర్: నమస్కారమండీ. ఈ వారం స్కూటర్ టైర్ల గురించి. అమలాపురంలో బాబాయి గారి టైర్ల షాపులోనే కూర్చున్నాం, మధ్యమధ్యలో కంప్రెసర్ చప్పుడు వినబడుతుంది. బాబాయి గారూ, 125 సీసీ స్కూటర్, వెనక టైరు గుండైపోయింది. అలా వచ్చినవాళ్ళు మిమ్మల్ని ముందు ఏమడుగుతారు?

బాబాయి: "ఏది ఎక్కువకాలం వస్తుందండీ" అనే అడుగుతారమ్మా. నేనేమో "ఏ దారిలో తిరుగుతారండీ" అంటాను. ఎందుకంటే ఎక్కువ కిలోమీటర్లు రావాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి. గట్టి రబ్బరు తడి సిమెంటు రోడ్డు మీద పట్టు తక్కువ. మెత్తటిది పట్టుకుంటుంది, కానీ త్వరగా అరుగుతుంది. మన దగ్గర జూన్ నుంచి అక్టోబరు దాకా వానలే. కాలవ గట్టు మీద ట్రాక్టర్లు తెచ్చి పోసిన ఒండ్రు, చేపల లారీల నుంచి కారిన నీళ్ళు. ఇక్కడ తిరిగే బండికి పట్టు ముందు, మన్నిక తర్వాత. నా మాట అదే.

యాంకర్: మరి బురదలో వెళ్ళాలని పెద్ద పెద్ద బటన్లున్న టైరు అడిగేవాళ్ళు ఉంటారు కదా?

బాబాయి: ఆయ్, ఉంటారు. మన ఒండ్రు మట్టి జిగురమ్మా. నాలుగు చుట్లు తిరిగేసరికి ఆ బటన్ల సందులన్నీ మూసుకుపోతాయి. ఇక టైరు ఏదైనా ఒకటే. పైగా తారు రోడ్డు మీద ఆ బటన్లకి రోడ్డుకి ఆనే రబ్బరు తక్కువ, తడిలో బ్రేకు వేస్తే తేడా తెలుస్తుంది. రోజులో ఎక్కువసేపు తిరిగేది తారు మీదా సిమెంటు మీదా అయినప్పుడు దానికే కొనుక్కోవాలి. నీళ్ళు పక్కకి పోయేలా మధ్య నుంచి అంచులకి గాడులున్నది చూసుకోండి. లంకలోకి దిగే బురద ముక్క దగ్గర నెమ్మదిగా కాళ్ళు దించుకుని వెళ్ళడమే మార్గం. రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట కూడా అంతే, గింజల మీద ఏ టైరూ నిలవదు.

యాంకర్: సైజు సంగతి చెప్పండి. లావు టైరు వేయించుకుంటే బండి నిలకడగా ఉంటుందని కుర్రాళ్ళ నమ్మకం.

బాబాయి: ఇలా చూడు. యాక్టివా, యాక్సెస్ లాంటి వాటికి ముందు 90/90-12, వెనక 90/100-10 వస్తుంది. 90 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. తర్వాత అంకె ఎత్తు, వెడల్పులో ఎంత శాతమని. ఆఖరిది రిమ్ము అంగుళాలు. కొందరు వెనక 100/90-10 అడుగుతారు. ఎత్తు అదే 90 మిల్లీమీటర్లే వస్తుంది కాబట్టి చక్రం మొత్తం ఎత్తు మారదు. కానీ ఆ రిమ్ముకి సరిపడుతుందా, పక్కనున్న భాగాలకి రాసుకుంటుందా అన్నది బండిబట్టి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన సైజే వేయించుకోండి. ఎన్‌టార్క్‌కి రెండూ 12 అంగుళాలే, వెనక 110/80-12. దాని రిమ్ముకి అది లెక్క. దాన్ని చూసి ఇంకో బండికి వేసుకుంటే ఎలాగ?

యాంకర్: వెనక చక్రం చిన్నదైతే త్వరగా అరుగుతుందా?

బాబాయి: అరుగుతుంది. పది అంగుళాల చక్రం కిలోమీటరుకి పన్నెండు అంగుళాల దానికన్నా దాదాపు 50 చుట్లు ఎక్కువ తిరుగుతుంది. ఇంజను బరువు, తోలే బలం, వెనక కూర్చున్న మనిషి, కాళ్ళ దగ్గర పెట్టిన బియ్యం బస్తాలో కొంత, అన్నీ దాని మీదే. అందుకే సైజు పక్కన 53J అని ఉంటే అదీ చదవాలి. 53 అంటే 206 కిలోల దాకా మోస్తుంది, J అంటే గంటకి 100 కిలోమీటర్ల వేగం దాకా. అంతకన్నా తక్కువ అంకె ఉన్న టైరు తీసుకోవద్దు.

యాంకర్: అయితే వెనకదే తరచూ మారుస్తారు, ముందుది అలాగే ఉండిపోతుంది.

బాబాయి: అసలు నాకు బాధ అక్కడేనమ్మా! "ముందుది ఇంకా బాగానే ఉంది కదండీ" అంటారు. ఇదిగో, ఇది ఒకరు వదిలేసి వెళ్ళిన ముందు టైరు. గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి కదా? ఇలా వంచి చూడు.

యాంకర్: అబ్బో, గాడి అడుగునంతా సన్నటి పగుళ్ళు!

బాబాయి: ఆ పక్కన నాలుగంకెలు చదువు.

యాంకర్: 1118.

బాబాయి: 2018లో 11వ వారం తయారైంది. ఎండకి, గాలికి రబ్బరు గట్టిపడిపోతుంది, గోరు గుచ్చితే దిగదు. వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందుది జారిందంటే మనిషి నేల మీదే. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకి వాలుతుంది కాబట్టి బండిని ఆపేది ఎక్కువగా అదే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా కొత్త బండ్లకి జంట బ్రేకు గానీ, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. జంట బ్రేకున్న బండికి ఎడం చేతి లివరు నొక్కినా ముందు చక్రం మీదా పడుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు, అదే బండ్లని గోదావరి దాటించే పడవ, ఎక్కేటప్పుడు తడి ఇనప రేకు మీద గట్టిపడిన ముందు టైరుతో బ్రేకు వేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. 5 ఏళ్ళు దాటితే ఏటా చూపించుకోవాలి. పగుళ్ళుంటే గాడులు చూసుకుంటూ కూర్చోవద్దు, మార్చేయాలి.

యాంకర్: కొత్తది కొనేటప్పుడూ ఆ నాలుగంకెలు చూడాలన్నమాట.

బాబాయి: తప్పకుండా! షాపువాడు ఏమైనా అనుకుంటాడని మొహమాటపడొద్దు. ఎంఆర్ఎఫ్, సియెట్, టీవీఎస్ యూరోగ్రిప్, మిషెలిన్, అపోలో, ఎవరిదైనా ఈ సైజులు దొరుకుతాయి. పేరున్న కంపెనీ పాత సరుకుకన్నా ఇంకో మంచి కంపెనీ తాజా టైరే నేను వేస్తాను.

యాంకర్: బిగించేటప్పుడు మనం దగ్గరుండి ఏం చూడాలి?

బాబాయి: రిమ్ము. సముద్రం వైపు ఊళ్ళవాళ్ళూ, రొయ్యల చెరువులవాళ్ళూ ఇది గట్టిగా వినాలి. ఉప్పు నీళ్ళకి ఇనప రిమ్ము తుప్పు పడుతుంది. ట్యూబ్‌లెస్ టైరు అంచు ఆ రిమ్ముకి అతుక్కుని ఉంటేనే గాలి నిలుస్తుంది. తుప్పు మీదే కొత్త టైరు ఎక్కిస్తే రోజూ కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది, జనం పంక్చరనుకుని షాపుల చుట్టూ తిరుగుతారు. పాతది తీసినప్పుడు ఇసక కాగితంతో అంచు శుభ్రం చేయమనండి. వాల్వు కొత్తది వేయించండి, దానికి అయ్యేదెంతని! టైరు మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపుకే ఉండాలి. గాలి కొట్టాక రిమ్ము అంచు చుట్టూ సబ్బు నీళ్ళు పోస్తే లీకు ఉంటే బుడగలొస్తాయి.

యాంకర్: గాలి ఎంత?

బాబాయి: ఈ సైజు బండ్లలో చాలావాటికి ముందు 22 పీఎస్ఐ, వెనక ఒక్కరైతే 29, ఇద్దరైతే 36. మీ బండి పుస్తకంలో ఎంతుంటే అంత. ఎండన పడి వచ్చాక కాదు, పొద్దున్న బండి తీసే ముందు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కొత్త టైరు పైన అచ్చు నుంచి వచ్చిన నునుపు ఉంటుంది. మొదటి 100, 150 కిలోమీటర్లు మలుపుల్లో వంచకండి, తడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా పట్టకండి. టైరు వేయించుకున్న మర్నాడు పొద్దున్నే ఒకసారి గాలి చూపించుకోండి. దిగి ఉంటే రిమ్ము దగ్గరే తేడా ఉందని అర్థం, వేసినచోటికే తీసుకెళ్ళి విప్పించి చూడమనండి.